హేడ్రియన్ గోడలో రోమన్ల రాయి ఏది, తర్వాత పేర్చిన రాయి ఏది?

బాటసారి_విజయ్
మే నెలలో రెండు రోజులు న్యూకాసిల్‌లో ఉంటాను. ఉత్తర ఇంగ్లండ్‌లో రోమన్ల పాత సరిహద్దు హేడ్రియన్ గోడ చూడాలని ఉంది. కానీ ఫోటోలు చూసేకొద్దీ అనుమానం పెరుగుతోంది. చాలాచోట్ల గోడ నడుమెత్తు కూడా లేదు. నెత్తిన పచ్చగడ్డి, రాళ్లేమో నిన్న పేర్చినంత వరసగా ఉన్నాయి. క్రీ.శ. 122లో మొదలుపెట్టిన కట్టడం ఇలా ఉంటుందా? 118 కిలోమీటర్లలో రోమన్లు పెట్టిన రాయి పెట్టినచోటే ఉన్నది ఎక్కడ? అక్కడ నిలబడి చూసి పోల్చుకునే గుర్తులుంటే చెప్పండి. బోర్డు చదివి ఫోటో దిగి రావడం నాకు ఇష్టం లేదు.

సున్నం_తాపీ
మంచి ప్రశ్న. ఇప్పుడు కనిపించే గోడ మీద మూడు రకాల చేతులు పడ్డాయి. వాటిని విడదీయడం వస్తే సగం పని అయిపోయినట్టే.

ఒకటి, రోమన్ల చేయి. రెండు పక్కలా చెక్కిన మొహం రాళ్లు, మధ్యలో కడుపు నిండా రద్దు రాళ్లు, మట్టో సున్నమో. మొహం రాయి బయటికి జానెడు వెడల్పే కనిపిస్తుంది, వెనక తోక మాత్రం పొడుగు. లోపలికి పోయేకొద్దీ సన్నబడి కడుపులో దిగుతుంది. అడుగు వరసలు ఎక్కువచోట్ల ఇవే.

రెండు, జాన్ క్లేటన్ చేయి. 19వ శతాబ్దంలో న్యూకాసిల్ టౌన్ క్లర్క్. 1834 నుంచి గోడ ఉన్న పొలాలు ఒక్కొక్కటే కొంటూ పోయి, కింద పడిన మొహం రాళ్లు ఏరించి మళ్లీ పేర్పించాడు. సున్నం లేదు, ఉత్త రాయి మీద రాయి. పైన గడ్డిపెళ్లలు కప్పించాడు. మీరు చూసిన గడ్డి నెత్తి ఇదే.

మూడు, పాత కట్టడాలు చూసే ప్రభుత్వ శాఖ చేయి. 1930ల తర్వాత చార్లెస్ ఆండర్సన్ అనే మేస్త్రి ముఠా దశాబ్దాల పాటు చేసింది. దొరికిన ఎత్తును దొరికినట్టే ఉంచి, వదులైన రాయిని సున్నంతో బిగించారు. కొత్త ఎత్తు కట్టలేదు. అందుకే పైఅంచు మెట్లు మెట్లుగా, ఎగుడుదిగుడుగా ఉంటుంది, కడుపు రాళ్లు పైకి కనిపిస్తాయి.

కాబట్టి గడ్డి నెత్తి, పొడి కట్టు అయితే క్లేటన్. సున్నం పూసిన సందులు, ఎగుడుదిగుడు నెత్తి అయితే శాఖ. రెంటికీ అడుగున రోమన్ వరసలు ఉంటాయి. ఎన్ని అన్నది చోటును బట్టి మారుతుంది.

గోదారిగట్టు
అంటే క్యాలెండర్లలో వచ్చే కొండ మీది గోడ, అదే హౌస్‌స్టెడ్స్ కోటకు పడమటి పక్క, క్లేటన్ పేర్చిన నకిలీ అన్నమాట.

లక్ష్మి_టైన్
నకిలీ అనకండి గోదారి గారూ. రాళ్లు రోమన్లవి, చోటు రోమన్లది, అడుగు వరసలు రోమన్లవి. మధ్యలో పడిపోయినవాటిని తిరిగి ఎక్కించాడు, అంతే. ఆయన కొనకపోతే ఆ రాళ్లు ఏ పశువుల కొట్టానికో పోయేవి. హౌస్‌స్టెడ్స్, చెస్టర్స్ సహా అయిదు కోటలు ఆయన చేతికి వచ్చాయి కాబట్టే మిగిలాయి.

గోదారిగట్టు
కాపాడాడు, ఒప్పుకుంటాను. కానీ ఏ రాయి ఎక్కడ పడిందో రాసి పెట్టకుండా ఎక్కించేశాడు. ఆ రాళ్ల కుప్ప కిందే గోడ ఎలా కూలిందో, ఎప్పుడు మరమ్మతు చేశారో తెలిసే ఆధారం ఉండేది. కుప్ప తీసేశాక అది మళ్లీ రాదు.

సున్నం_తాపీ
ఆ మాట నిజం. శాఖ ముఠా కూడా చాలాచోట్ల తవ్వకాల నిపుణులు లేకుండానే మట్టి తీసేసింది. ఆ నింద క్లేటన్ ఒక్కడి మీదే వేయలేం.

మైలురాయి_80
అసలు 118 కి.మీ.లో ఎక్కువ భాగానికి గోడే లేదు, ఇది ముందు తెలుసుకోండి. తూర్పున న్యూకాసిల్ ఊరు మీద పడింది. ఊరు దాటాక దాదాపు 30 మైళ్లు సైనిక రోడ్డు మింగింది. 1745లో జాకబైట్ల (పాత స్టువర్ట్ రాజవంశం వైపు వాళ్ల) తిరుగుబాటప్పుడు న్యూకాసిల్ నుంచి కార్లైల్‌కు ఫిరంగులు లాగే దారి లేక సైన్యం ఇరుక్కుపోయింది. తర్వాత 1750లలో రోడ్డు వేస్తూ గోడను పడగొట్టి, ఆ రాళ్లనే పరిచి, గోడ పునాది మీదుగానే పోనిచ్చారు. ఇప్పటి బి6318 అదే. పొడి ఎండల్లో తారు వేయకముందు గోడ వరసలు రోడ్డు మీద కనిపించేవని పాత యాత్రికులు రాశారు.

పడమట సాల్వే తీరం వైపు మంచి రాయి దొరకని నేల. అక్కడ ప్రతి గోడరాయీ ఏదో ఒక ఇంట్లోకి చేరింది.

రాళ్లబండి
లానర్‌కాస్ట్ మఠం, థర్ల్‌వాల్ కోట రెండూ గోడ రాళ్లే. హెక్సమ్ చర్చి కింది నేలమాళిగ 7వ శతాబ్దంలో విల్ఫ్రిడ్ కట్టించింది, అవి కోర్‌బ్రిడ్జ్ రోమన్ ఊరి రాళ్లు. చెక్కిన నగిషీ అంచులు కూడా అలాగే కనిపిస్తాయి. ఒక మనిషి ఎత్తగల సైజు కావడమే గోడకు శాపమైంది. అంత వాటంగా చెక్కిన రాయి ఊరి పక్కనే ఉంటే గని తవ్వే పని ఎవరికి ఉంటుంది?

బాటసారి_విజయ్
ఇంత వివరం వస్తుందనుకోలేదు, అందరికీ థాంక్స్. క్లేటన్ చేయి, శాఖ చేయి పడని చోటు, లేదా తక్కువ పడిన చోటు ఎక్కడ?

మైలురాయి_80
హెడన్-ఆన్-ది-వాల్ ఊరి పక్క. అక్కడ గోడ మొదటి పథకం ప్రకారం పూర్తి 10 రోమన్ అడుగుల వెడల్పు, అంటే ఇంచుమించు 3 మీటర్లు. ఎత్తు పెద్దగా లేదు. మధ్యయుగంలో ఎవరో గోడలోకే తొలిచిన గుండ్రటి బట్టీ కూడా కనిపిస్తుంది. న్యూకాసిల్ నుంచి బస్సులో దగ్గరే.

లక్ష్మి_టైన్
హెడన్ తర్వాత ప్లేన్‌ట్రీస్ తప్పకుండా చూడాలి. ఆ ముక్క చిన్నదే, కానీ గోడ కట్టిన తీరు అంతా అందులో ఉంది. పునాది 10 అడుగుల కొలతకు వేశారు. దాని మీద గోడ కొంత దూరం అదే వెడల్పున వచ్చి, ఒకచోట టక్కున సన్నబడుతుంది. పునాది మాత్రం వెడల్పుగానే సాగుతుంది. పునాది ముఠా ముందు పోయింది, గోడ ముఠా వెనక వచ్చింది, మధ్యలో కొలత 8 అడుగులకో ఇంకా తక్కువకో తగ్గించమని ఆజ్ఞ వచ్చింది. ఆ ఆజ్ఞ అందిన చోటు మీద చెయ్యి పెట్టగలిగినంత దగ్గరగా కనిపిస్తుంది.

అది మిగలడానికి కారణం విలియం హట్టన్. 1801లో, 78 ఏళ్ల వయసులో, బర్మింగ్‌హమ్ నుంచి నడిచి వచ్చి గోడంతా తిరిగాడు. అప్పటికే అక్కడి భూస్వామి ఇల్లు కట్టుకోవడానికి గోడ పీకిస్తున్నాడు. హట్టన్ బతిమాలితే ఆపాడు. మీరు చూసేది అలా ఆగిన మిగులు.

కందకం
అక్కడి నుంచి దిగువకు రండి, బ్రంటన్ బురుజు. నంబర్ 26బి. ఈ నంబర్లు తూర్పు నుంచి పడమటికి. ప్రతి రోమన్ మైలుకు, అంటే 1.48 కి.మీ.కు, ఒక చిన్న మైలు కోట, రెండు మైలు కోటల మధ్య రెండు బురుజులు ఎ, బి. బ్రంటన్ గోడ సుమారు రెండున్నర మీటర్ల ఎత్తు, పదకొండు వరసలు నిలిచి ఉంది. బురుజు ముందే కట్టి పక్కలకు 10 అడుగుల వెడల్పు రెక్కలు వదిలారు, తర్వాత వచ్చి తగిలే గోడ అతుక్కోవాలని. ఒక పక్క అతికింది. రెండో పక్క సన్నగోడ వచ్చి అతుకు కుదరక మెట్టులా తేలింది. లక్ష్మి గారు చెప్పిన ఆజ్ఞకు రెండో సాక్ష్యం ఇది.

గోదారిగట్టు
ఎత్తు సంగతి కూడా చెప్పండి. హేర్ హిల్ దగ్గర 3 మీటర్ల దాకా ఉందని విన్నాను, అదే అన్నిటికన్నా ఎత్తంటారు.

సున్నం_తాపీ
ఎత్తు నిజమే, మొహం మాత్రం 19వ శతాబ్దపు అతుకు. హేర్ హిల్‌లో అసలైనది కడుపు. రాళ్లు ఊడిపోయి మిగిలిన లోపలి దిమ్మ అంత ఎత్తు నిలిచింది, దానికి తర్వాత మొహం కట్టారు. ఎత్తు ఎక్కువుంటే అసలుదనం ఎక్కువ అనుకోవడానికి లేదు.

ఇంకో గుర్తు: కొన్నిచోట్ల కడుపులో సున్నం తెల్లగా, ఉలి దిగనంత గట్టిగా ఉంటుంది. అది సెవరస్ చక్రవర్తి కాలపు మరమ్మతు, 3వ శతాబ్దం మొదలు. హేడ్రియన్ కాలపు కడుపు చాలాచోట్ల మట్టితోనే నింపారు. సెవరస్ మరమ్మతు అంత భారీది కాబట్టే గోడ మొత్తం ఆయనే కట్టించాడని శతాబ్దాల పాటు నమ్మారు. 1840లో జాన్ హాడ్జ్‌సన్ ఆధారాలు చూపాక హేడ్రియన్ పేరు స్థిరపడింది. హౌస్‌స్టెడ్స్ దగ్గరి 38వ మైలు కోటలో హేడ్రియన్ పేరు, గవర్నర్ ప్లటోరియస్ నెపోస్ పేరు, కట్టిన రెండో లెజియన్ (రోమన్ సైనిక దళం) పేరు ఒకే రాతి మీద దొరికాయి.

వేములవాడ_నాణెం
మొదట్లో గోడ అసలు ఎత్తెంత మరి? 15 అడుగులని కొందరు, 12 అని కొందరు.

కందకం
8వ శతాబ్దంలో బీడ్ సన్యాసి 12 అడుగుల ఎత్తు, 8 అడుగుల వెడల్పు అని రాశాడు. ఆయన మఠం జారోలో, గోడ తూర్పు కొసకు దగ్గర. గిల్స్‌లాండ్ ఊళ్లో పోల్ట్రాస్ బర్న్ మైలు కోట, నంబర్ 48, వెళ్తే లోపలి మూలలో రాతి మెట్లు మొదలవుతాయి. అడుగువి కొన్నే మిగిలాయి, కానీ వాటి వాలును పైకి పొడిగించి లెక్క కడితే పైన నడిచే మట్టం 12 అడుగుల దరిదాపుల్లోకి వస్తుంది. దాని మీద పిట్టగోడ ఉంటే 15 దాటుతుంది. రెండు అంకెలకూ మూలం అదే.

అయితే గోడ పొడుగునా పైన నడక దారి ఉందా అన్నది ఇంకా తేలని వాదన. మైలు కోటకు మెట్లుంటే గోడ మీద కూడా నడిచారని అర్థం కాదు.

రాళ్లబండి
నడవకపోతే అంత వెడల్పు దేనికి కందకం అన్నా? 3 మీటర్ల గోడ కట్టి పైన ఏటవాలు పెట్టి వదిలేస్తారా?

కందకం
సన్నబరిచాక 2 మీటర్ల చిల్లరకు వచ్చింది కదా తమ్ముడూ. పైగా జర్మనీలో వాళ్లదే ఇంకో సరిహద్దు, అక్కడ చాలాకాలం కొయ్య కంచె, తర్వాత రేటియా అనే రోమన్ రాష్ట్రంలో సన్నటి రాతి గోడ. వాటి మీద ఎవరూ నడవలేరు. సరిహద్దు అంటే పైన నడవాల్సిందే అన్న నియమం రోమన్లకు లేదు. గోడ మీద నడిచారనే నాకూ అనిపిస్తుంది, కానీ పైభాగం ఎక్కడా మిగల్లేదు కాబట్టి రుజువు చూపలేను.

మట్టిమనిషి
అందరూ రాయి గురించే మాట్లాడుతున్నారు. నన్నడిగితే ఈ సరిహద్దులో బాగా మిగిలింది గోడ కాదు, తవ్వకాలు. రాయిని బండి కట్టి తోలుకుపోవచ్చు, గోతిని ఎవరు ఎత్తుకుపోతారు?

ఉత్తరాన వి ఆకారపు కందకం, 8–9 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల లోతు. దక్షిణాన వల్లమ్ అనే ఇంకో కందకం, ఇది అడుగు చదును, 6 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల లోతు, రెండు పక్కలా కట్టలు. కట్టతో కట్ట దాకా 36 మీటర్ల పట్టీ. శత్రువు ఉత్తరాన ఉంటే దక్షిణాన ఇంత ఎందుకంటే, సైన్యం జాగాలోకి జనం, పశువులు ఎక్కడబడితే అక్కడ దూరకుండా, కోటల ఎదురుగా ఉన్న దారుల్లోనే రావాలని. సైనిక రోడ్డు మీద బస్సులో పోతుంటే పొద్దున్నో సాయంత్రమో ఏటవాలు ఎండలో ఈ రెండూ నీడలతో తేలి కనిపిస్తాయి. మిట్టమధ్యాహ్నం ఏమీ కనిపించదు.

లైమ్‌స్టోన్ కార్నర్ చూడండి. పేరుకు సున్నపురాయి, ఉన్నది నల్లటి విన్‌స్టోన్. ఉత్తర కందకం తవ్వుతూ వచ్చి ఈ రాయి తగిలి వదిలేశారు. చీలలు దిగేసేందుకు వరసగా కొట్టిన గాళ్లు ఒక పెద్ద బండ మీద ఇప్పటికీ ఉన్నాయి, బండ మాత్రం కదల్లేదు. విచిత్రమేమిటంటే అదే రాతిలో వల్లమ్‌ను మాత్రం పూర్తిగా తవ్వేశారు.

మైలురాయి_80
మట్టిమనిషి గారి మాటకు ఇంకోటి కలపాలి. ఇర్తింగ్ నదికి పడమట మొదట కట్టింది రాతి గోడ కాదు, గడ్డిపెళ్లలు పేర్చిన గోడ, అడుగున 20 రోమన్ అడుగుల వెడల్పు. తర్వాత రాతితో మార్చారు, ఎక్కువచోట్ల అదే గీత మీద. బర్డోస్వాల్డ్ కోట దగ్గర 49వ మైలు కోట నుంచి 51 దాకా మాత్రం రాతి గోడ కొంచెం ఉత్తరానికి జరిగింది. అందుకే పాత గడ్డిగోడ దిబ్బ అక్కడ విడిగా కనిపిస్తుంది.

వేములవాడ_నాణెం
హౌస్‌స్టెడ్స్ తూర్పు ద్వారంలో బండి చక్రాల గాడి కొలతే ఇప్పటి రైలు పట్టాల గేజ్ అయిందట కదా?

కందకం
అది జనం నోళ్లలో పుట్టిన మాట. రైలింజన్ల స్టీఫెన్‌సన్ గేజ్ ఆ ప్రాంతపు బొగ్గు గనుల బండి దారుల నుంచి వచ్చింది. గాళ్లు మాత్రం నిజం, చూడదగినవి.

లక్ష్మి_టైన్
హౌస్‌స్టెడ్స్ వెళ్తే ఆగ్నేయ మూలలో సైనికుల మరుగుదొడ్డి వదలకండి. కోటలో అన్నిటికన్నా పల్లపు మూల అది. పైన తొట్లలో పట్టిన వాననీరు అక్కడికే దిగేలా కట్టారు. గోడల వెంట లోతు కాలువ, దాని మీద కొయ్య బల్లలు ఉండేవి. మధ్య అరుగులో చిన్న కాలువ కడుక్కోవడానికి. ధాన్యపు కొట్టులో నేల కింద చిన్న రాతి స్తంభాలు వరసగా ఉంటాయి, గింజకు చెమ్మ, ఎలుక తగలకుండా గాలి ఆడటానికి.

బాటసారి_విజయ్
ఇదిగో నా ప్లాన్, తప్పులుంటే దిద్దండి.
మొదటి రోజు: హెడన్, ప్లేన్‌ట్రీస్, బ్రంటన్, చెస్టర్స్.
రెండో రోజు: రైల్లో హాల్ట్‌విజిల్, స్టీల్ రిగ్ నుంచి హౌస్‌స్టెడ్స్ దాకా గోడ మీద నడక, తర్వాత విండోలండా రోమన్ కోట, గిల్స్‌లాండ్, బర్డోస్వాల్డ్.

సున్నం_తాపీ
"గోడ మీద నడక" అన్నారు, అది వద్దు. గోడ పక్కన నడవండి. క్లేటన్ కట్టుకు ప్రాణం ఆ గడ్డి నెత్తి. అడుగుల కింద గడ్డి చచ్చి మట్టి తేలితే వాననీరు నేరుగా కడుపులో దిగుతుంది. లోపలి మట్టి నాని ఉబ్బి, మొహం బయటికి తోసుకొస్తుంది. మన మేస్త్రీలు గోడకు కడుపొచ్చింది అంటారే, సరిగ్గా అదే. చలికాలంలో ఆ నీరు గడ్డకట్టి ఇంకా తోస్తుంది. ఒక వాన రాత్రి రెండు మూడు మీటర్లు కూలుతుంది.

తిరిగి కట్టడం చిన్న పని కాదు. ముందు ఫోటోలు, కొలతలు. ప్రతి రాయికీ నంబరు. విప్పి, వరస వరసగా పక్కన పరిచి, మళ్లీ అదే వరసన ఎక్కించాలి. సున్నం వాడే చోట సిమెంటు కలపకూడదు. సిమెంటు సందు రాయికన్నా గట్టిపడి నీటిని రాయిలోకి నెడుతుంది, పదేళ్లలో ఇసుకరాయి మొహం పొరలు పొరలుగా ఊడుతుంది. సున్నం పని 5 డిగ్రీల కింద చేయకూడదు, తడి గోనెపట్టా కప్పి మెల్లగా ఆరనివ్వాలి. అందుకే ఏడాదిలో పని దొరికేది వేసవి నెలలే.

రాళ్లబండి
హౌస్‌స్టెడ్స్ పక్క చెట్ల తోపులో చిన్న ముక్క మీద మాత్రం జనం నడిచేవారు, అక్కడ దారే అలా ఉండేది. మిగతాచోట్ల తాపీ అన్న చెప్పిందే. చిత్తడి నేలలో అందరూ ఒకే జాడలో పోతే అక్కడ గాడి పడి, కింద తవ్వని పొరలు బయటపడతాయి. పక్కపక్కన నడవమని అందుకే చెబుతారు. ఈ నడకదారి 2003లో తెరిచారు. దారి ముద్రలు వేసే పుస్తకం కూడా మే 1 నుంచి అక్టోబర్ 31 దాకానే నడుపుతారు, చలికాలంలో నేలకు విశ్రాంతి కావాలని. మీరు మేలో వెళ్తున్నారు, సరైన సమయం.

లక్ష్మి_టైన్
ఆ దారిలో 39వ మైలు కోట దాటాక పల్లంలో సికమోర్ చెట్టు ఉండేది. 2023 సెప్టెంబర్‌లో రాత్రికి రాత్రి నరికారు, అది గోడ మీద పడి రాళ్లు కూడా దెబ్బతిన్నాయి. కేసులో చెట్టుకు ఒక నేరం, గోడకు ఒక నేరం విడివిడిగా పెట్టారు. మోడు నుంచి చిగుళ్లు వస్తున్నాయి. కంచె దాటకండి.

మైలురాయి_80
ప్లాన్‌లో రెండో రోజు చాలా బరువు. స్టీల్ రిగ్ నుంచి హౌస్‌స్టెడ్స్ 5 కి.మీ.లే, కానీ దిగుడు ఎక్కుడు, దిగుడు ఎక్కుడు. చూస్తూ నడిస్తే మూడు గంటలు. ఆ తర్వాత విండోలండాకు మూడు గంటలు లేకుండా పోవద్దు. గిల్స్‌లాండ్, బర్డోస్వాల్డ్ రెండూ తీసేయండి, లేదా విండోలండా తీసేసి అటు వెళ్లండి. గిల్స్‌లాండ్‌లో రైలు ఆగదు, స్టేషన్ 1967లోనే మూశారు.

కందకం
మీ ప్రశ్న గోడ గురించి కాబట్టి విండోలండా వదిలి గిల్స్‌లాండ్ వైపే వెళ్లమంటాను. మెట్లున్న మైలు కోట, విల్లోఫోర్డ్ వంతెన దిమ్మ, బర్డోస్వాల్డ్ దాకా సాగిపోయే గోడ అన్నీ ఒకే నడకలో. విల్లోఫోర్డ్‌లో వంతెన దిమ్మ పొలంలో పొడి నేల మీద ఉంటుంది. నది అప్పటి నుంచి పడమటికి జరిగిపోయింది.

వేములవాడ_నాణెం
విండోలండా వదలమంటే నేను ఒప్పుకోను! ఆ తడి నేలలో గాలి తగలక మిగిలిన సన్నటి చెక్క ఉత్తరాలు 1973 నుంచి దొరుకుతున్నాయి. ఒకదాంట్లో సైనికుల సరుకుల ఖాతా, అందులో రెండు దీనారాలకు మిరియాలు కొన్న పద్దు ఉంది. మలబారు మిరియం, బ్రిటన్ ఉత్తరపు కొస శిబిరంలో! అదే రోమన్ నాణేలు మన కరీంనగర్ వైపు పెద్దబంకూరు తవ్వకాల్లోనూ బయటపడ్డాయి. తెలుగువాళ్లం అక్కడికి పోయి అది చూడకుండా వస్తామా?

మట్టిమనిషి
నాణెం గారి వైపే నేను. పూర్తి ఎత్తు గోడ నమూనా కూడా విండోలండాలోనే ఉంది, రాతిదీ గడ్డిపెళ్లలదీ. నడుమెత్తు గోడలు చూసొచ్చిన కంటికి అది అవసరం.

బాటసారి_విజయ్
సరే, మార్చాను. మొదటి రోజు ఎలా అనుకున్నానో అలాగే. రెండో రోజు పొద్దున స్టీల్ రిగ్ నుంచి హౌస్‌స్టెడ్స్ గోడ *పక్కన* నడక, మధ్యాహ్నం విండోలండా. గిల్స్‌లాండ్ వైపు మూడో రోజు సెలవు దొరికితే. మొదటి రోజు చెస్టర్స్‌లో ఏది ముందు?

లక్ష్మి_టైన్
కోటలోకి వెళ్లేముందు నార్త్ టైన్ నదికి ఇవతలి గట్టు. చోలర్‌ఫోర్డ్ వంతెన దగ్గర నుంచి కాలిదారిలో అర మైలు పోతే రోమన్ వంతెన దిమ్మ, టికెట్ లేదు. పెద్ద రాళ్ల నెత్తిన ఎత్తడానికి కొట్టిన గుంటలు, రాయికీ రాయికీ ఇనుప పట్టీ వేసి సీసం పోసిన గాళ్లు స్పష్టంగా ఉంటాయి. అక్కడ నిలబడితే ఎదురు గట్టున స్నానశాల కనిపిస్తుంది. ఆ తర్వాత వంతెన దాటి కోటలోకి వెళ్లండి.

మైలురాయి_80
బస్సు నంబరు ఏడీ122, గోడ పుట్టిన సంవత్సరమే. హెక్సమ్ నుంచి హాల్ట్‌విజిల్ దాకా గోడ వెంటే పోతుంది, చెస్టర్స్, హౌస్‌స్టెడ్స్, విండోలండా అన్నిటి దగ్గరా ఆగుతుంది. సీజన్‌లోనే తిరుగుతుంది, టైమింగ్స్ ఏటా మారతాయి, బయల్దేరే వారంలో చూసుకోండి. సాయంత్రం చివరి బస్సు తొందరగా వెళ్లిపోతుంది. అది తప్పితే విండోలండా నుంచి బార్డన్ మిల్ స్టేషన్‌కు నడకే, దిగుడు దారి.